సముద్రంల ముంచిన పెంక

మా టిఫిన్ సెంటర్ల ఆలుగడ్డతోని ఏదడిగితే అది చేస్త. బోండా, కూర్మ, సమోస, వేపుడు. ఒక్కటి మాత్రం చెయ్య. పచ్చి ఆలుగడ్డ తురిమి, నీళ్ళు పిండి, పెంక మీద బిళ్ళలు పోసి గోలిచ్చుడు నాతోని కాదు. మా ఇంటిది చానసార్లు అడిగింది. "ఖతర్ల దొరలకు దినానికో తీరు చేసిపెట్టినవట, మాకెందుకు చెయ్యవు?" అన్నది. "మరిచిపోయిన పో" అని దబాయిస్త. మరుసుడు ఎక్కడిది! కండ్లు మూసుకోని గూడ చేస్త. చేస్తె ఆ ముసలాయన యాదికొస్తడు, ఆయన యాదికొస్తె నాకు అద్దంల నా మొఖం చూసుకోబుద్ధి కాదు.

ఇన్నేండ్లకు రాస్తున్న గదా, పశ్చాత్తాపపడ్డడు, మంచోడే అనుకోకున్రి. మొత్తం విన్నంక ఏమన్న అనున్రి.

గ్యాసు, చమురు పైసలు దోహాల వరద లెక్క వస్తున్న రోజులవి. ఇయ్యాల మట్టి దిబ్బ ఉన్న కాడ ఆర్నెల్లకు బిల్డింగ్ లేస్తుండె. ఊరంత క్రేన్లే. మా ఊరోళ్ళకు మాత్రం నేను దుబాయ్‌ల ఉన్నట్టే లెక్క. ఖతర్ అంటే "అది దుబాయ్‌ల ఏ వాడ?" అని అడుగుతుండె. మొదలు రెండేండ్లు కంపెనీ క్యాంపుల మెస్సుల వండిన. పొద్దుగాల మూడు గొట్టంగ లేచి చపాతీలు ఒత్తి ఒత్తి భుజాలు పడిపోయినయి. ఆ తర్వాత అదృష్టం కొద్ది ఒక అమెరికా ఇంజినీరు విల్లాల వంటపని దొరికింది. సార్, మేడమ్, ఇద్దరే. పిల్లలు లేరు. విల్లా ఎనుక నాకొక రూము, దాని పక్కన బైటి వంటగది. వాసనొచ్చే వంటలు అండ్ల, కడమయి లోపటి వంటగదిల. నాకైతే సర్గమే అనిపిచ్చింది.

ఆ ఏడు నేను అయ్యప్ప మాల ఏసుకున్న. "నలభై ఒక్క దినాలు మాంసం ముట్ట మేడమ్" అని భయపడుకుంట చెప్పిన. ఆమె నవ్వింది. "చికెన్ నేను వండుకుంట తీ" అన్నది. అంతటితోని ఊకోలే. సూక్ అనే పాత బజారుకు పోయి నాకని ఒక ఇనుప పెంక, ఒక సర్వ, ఒక గంటె కొత్తయి తెచ్చి, బైటి వంటగదిల మొలలు కొట్టిపిచ్చి, "ఇవి నీయి. ఎవ్వలు ముట్టరు" అన్నది. మా సొంతోళ్ళు గూడ గంత మర్యాద చెయ్యరు. అయ్యప్ప ఫోటోను రూముల బీరువ లోపట పెట్టుకున్న. పరాయి దేశం, ఎవల పూజ వాళ్ళ తలుపుల ఎనుక. డ్యూటీల నల్ల లుంగి, నల్ల అంగి, కాళ్ళకు చెప్పులు లేవు. శుక్రవారం శుక్రవారం అల్ దోహా అల్ జదీదా అనే బస్తీల గురుస్వామి రూముల భజన. ఆయన ఏసీ మెకానిక్కు, మా దిక్కాయనే.

మాల ఏసుకున్న ఇరువై దినాలకు మేడమ్ వాళ్ళ నాయిన అమెరికా నుంచి దిగిండు. పొట్టి మనిషి, తెల్ల గడ్డం, నెత్తిమీద అరచేతంత టోపి. బైటికి పోతె ఆ టోపి మీద ఇంకో పెద్ద క్యాపు పెట్టుకునేటోడు. నేను పెద్దసార్ అని పిలిచిన. అప్పుడే మేడమ్ నాకు చెప్పింది, వాళ్ళు యూదులని. సార్ ఆ మతం కాదు. బిడ్డ బైటి మతమాయనను చేసుకున్నదని, ఆమె ఇంట్ల తిండికి తీరు తెన్ను లేదని, పెద్దసారు పదకొండేండ్లాయె ఆమె చేతి మంచినీళ్ళు ముట్టక. భార్య సచ్చిపోయినంక మనసు జెర మెత్తబడి, మొదటిసారి బిడ్డ గడప తొక్కిండు. తొక్కుడైతె తొక్కిండు గని తిండి మాత్రం తన పెట్టెల తెచ్చుకున్న రొట్టె, డబ్బ చేపలు, ఇక్కడ కొన్న పండ్లు. గంతే. బిడ్డ టేబుల్ మీద అన్నీ పెట్టేది. ఆయన తన కాయితం ప్లేటు తీసి, తన డబ్బ విప్పుకునేటోడు.

ఒక పొద్దున మేడమ్ వంటగదికొచ్చి నా పక్కన నిలబడ్డది. "రేపటి నుంచి మాకు ఎనిమిది రాత్రుల దీపాల పండుగ. హనుక్కా అంటం. ఒక్క దినానికి సరిపోయే నూనె ఎనిమిది దినాలు వెలిగిందని ఆ పండుగ. అందుకే నూనెల గోలిచ్చిన ఆలుగడ్డ బిళ్ళలు తింటం. లాట్కేలు. మా అమ్మ చేసేది. నువ్వు చేస్తె మా నాయిన తింటడేమో. ఈ ఎనిమిది దినాలల్ల ఒక్క పూటన్న నా ఇంట్ల వండింది ఆయన నోట్లెకు పోవాలె. గంతకన్న నాకేం వద్దు" అన్నది. చెప్పుకుంట చెప్పుకుంటనే ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

నాకు పాపమనిపిచ్చింది. అవును, నాకే. "నేను తినిపిస్త మేడమ్, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్న.

పెద్దసారు షరతులు వినంగనే నాకు నవ్వొచ్చింది. మాంసం తగలని కొత్త పెంక కావాలె. నూనె సీల్ తియ్యని సీసదే కావాలె. ఆకుకూర ఆయనే ఎలుతుర్ల పెట్టి పురుగు పుట్ర చూస్తడు. పొయ్యి ఆయన చేత్తోనే ముట్టియ్యాలె. అచ్చం మా గురుస్వామే! మేడమ్ అదే సూక్‌కు, అదే దుకాణానికి పోయి పెంక తెచ్చింది. నాకు తెచ్చినదాని జోడే. అదే సైజు, అదే అంచు, అదే పిడి. పక్కపక్కన పెడితె ఏది ఏదో తెలువది.

ఆ పెంకను ఆయన సముద్రానికి తీస్కపోయిండు. నేను గూడ పోయిన. మేడమ్ కారు నడిపింది. జనం లేని ఒడ్డు చూసి ఆపింది. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాక మడిచి, నీళ్ళల్లకు దిగి, ఏదో మంత్రం చదివి, పెంకను పూర్తిగ ముంచిండు. చేతులు వదులు చేసి, నీళ్ళు అన్ని దిక్కుల తగిలేటట్టు తిప్పిండు. అంగి చేతులు తడిసిపోయినయి. ఒడ్డుకొచ్చి నా దిక్కు చూసి, "చెప్పులెందుకు లేవు నీకు? ఈ నల్లబట్టలేంది?" అని అడిగిండు. నాకొచ్చిన ఇంగ్లీషు, హిందీ కలిపి చెప్పిన. నలభై ఒక్క దినాలు, కింద పండుడు, చన్నీళ్ళ తానం, మాంసం, గుడ్డు ముట్టకుండుడు, నా గిన్నె ఎవలు ముట్టొద్దు, ఎవలదాంట్ల నేను తినొద్దు. మాల ఏసుకున్నోళ్ళందరం ఒకలనొకలం స్వామీ అని పిలుచుకుంటమని గూడ చెప్పిన.

ఆయన అంత విన్నడు. ఆ తర్వాత బిడ్డ దిక్కు తిరిగి, "నీ ఇంట్ల ఒకడున్నడు, సంగతి తెలిసినోడు" అన్నడు. అప్పటికెల్లి నన్ను స్వామీ అనే పిలిచిండు. నోరు సరిగ తిరగకున్నా వదలలే.

మొదటి రాత్రి పెద్దసారు లోపటి వంటగదిల పొయ్యి ముట్టిచ్చి పక్కకు నిలబడ్డడు. మేడమ్ చెప్పినట్టు ఆలుగడ్డ, ఉల్లిగడ్డ తురిమి, బట్టల ఏసి పిండిన. వాళ్ళు గుడ్డు కొట్టి కలుపుతరట. "గుడ్డు నేను ముట్టరాదు" అన్న.  నేను పిండిన నీళ్ళను పారబొయ్యకుండ జెరసేపు ఆపిన. అడుక్కు తెల్లగ గంజిపిండి పేరుకున్నది. పైన నీళ్ళు వంచేసి, ఆ పిండినే, ఇంకో పిరికెడు బియ్యప్పిండిని తురుముల కలిపిన. బిళ్ళ ఇరగలే. అంచులు కరకర, లోపట మెత్తగ వచ్చింది. ఆపిల్ పండ్లు ఉడికిచ్చి మెదిపి అంచుకు పెట్టిన, అది వాళ్ళ రివాజు. పరదా ఎనుక దీపం వెలిగిచ్చి ఆయన టేబుల్ కాడ కూసున్నడు. తన కాయితం ప్లేట్ల ఒకటి పెట్టుకున్నడు. కొరికిండు. నమిలిండు. ఇంకోటి తీస్కున్నడు.

మేడమ్ మంచినీళ్ళ కోసం అన్నట్టు వంటగదిలకొచ్చి, ఫ్రిజ్ తలుపు పట్టుకోని ఏడ్చింది. పదకొండేండ్ల ఏడుపు. నేను పొయ్యి దిక్కు తిరిగి ఇంకో బిళ్ళ ఏసిన.

ఇగ చూడున్రి నా ఊపు! రెండో రాత్రి పచ్చిమిర్చి, కొత్తిమీర, జీలకర ఏసిన. ఆయన కండ్లల్ల నీళ్ళొచ్చినయి, ముక్కు తుడుసుకున్నడు, అయినా ఏడు తిన్నడు. మూడో రాత్రి క్యారెట్టు, అల్లం, కల్యామాకు. "మా ఆమె చూస్తె నీతోని కొట్లాడుతుండె" అని నవ్విండు. పొయ్యి ముట్టిచ్చినంక ఆయన పోయెటోడు కాదు. స్టూలేసుకోని కూసోని ఏదో ఒకటి చెప్పెటోడు. వాళ్ళ ఇంట్ల ఆలుగడ్డ తురిమే పని ఆయనదట. వేళ్ళు గీరుకపోయి నెత్తురొస్తె, భార్య "ఈ యేడు మాంసం లాట్కేలా?" అని ఎక్కిరిచ్చేదట. నాకు ఆ ముసలాయన మీద పానం పడ్డది.

నాలుగో దినం శుక్రవారం. ఆ దినం గురుస్వామి రూముల మధ్యాహ్నం భిక్ష. నా వంతు. క్యాంపులకెల్లి పన్నెండు మంది స్వాములు వస్తరు. నేను వారం దినాల నుంచి గొప్పలు కొట్టి ఉన్న. "మీరెన్నడు తినని ఆలుగడ్డ బిళ్ళలు తినిపిస్త సూడున్రి" అని. పొద్దుగాల చన్నీళ్ళ తానం చేసి, శరణు చెప్పుకుంట బైటి వంటగది తలుపు తీసిన.

నీసు వాసన గుప్పుమన్నది. నా పెంక పొయ్యి మీద ఉన్నది. దాంట్ల ఎర్ర నూనె, రెండు రొయ్య తోకలు.

అంతల సార్ అటే వచ్చిండు, ఏమైందో ఆయన మొఖం చూస్తెనే తెలిసింది. మామ ముందట రొయ్యలు తింటె బాగుండదని, పొద్దుగాలనే ఎవలు లేవకముందు బైటి వంటగదిలకొచ్చి గోలిచ్చుకున్నడట. "అయ్యో, అది నీదా? సారీ, సారీ" అన్నడు. పాపం, తెలువక చేసిండు. మొలకు తగిలిచ్చి ఉన్న పెంక కండ్లకు కనవడ్డది, తీస్కున్నడు. ఇప్పుడైతె గట్ల చెప్తున్న. అప్పుడు నాకు ముక్కు మీద కోపం. పైకి "పర్వాలేదు సార్" అన్న, లోపట మాత్రం ఉడికిపోయిన. నా దీక్ష వీనికి ఆటగున్నదా? వీని మామకైతె సముద్రంల ముంచిన పెంక, నాకు రొయ్యల పెంకనా?

దుకాణాలన్ని బంద్. శుక్రవారం నమాజు అయ్యేదాక దోహాల సూది గూడ దొరకది. పన్నెండు మంది ఉపాసమున్న స్వాములు ఎదురుచూస్తున్నరు. లేదని చెప్తె అయిపోయేది. అన్నం, పప్పు ఉన్నది, ఆలుగడ్డ బిళ్ళలు లేకుంటె ఎవలు సస్తరు? గని నేను గొప్పలు కొట్టిన గదా. నా మాట పోతది గదా.

లోపటికి పోయిన. పెద్దసారు పెంక లోపటి వంటగదిల తెల్లబట్టల చుట్టి ఉన్నది. బట్ట విప్పిన. నా రొయ్యల పెంకను చింతపండు, ఉప్పు ఏసి పావుగంట తోమిన. అద్దం లెక్క మెరిసింది. మల్ల నూనె రాసి, ఆ తెల్లబట్టల చుట్టి, ఆయన జాగల పెట్టిన. ఆయన పెంక నేను తీస్కున్న. "ఇనుముకు ఏం తెలుస్తది? ఖల్లివల్లి" అనుకున్న. గల్ఫుల అందరం అనే మాటే. పోనీ తీ అని.

ఇక్కడ ఆగి ఒక్కటి చెప్తున్న. గంత మంచిగ తోమితె ఆయనకు సరిపోతదని నాకనిపిచ్చింది గదా, మరి నాకెందుకు సరిపోలే? అదే తోమిన పెంకల నేనెందుకు వండుకోలే? ఈ ప్రశ్న ఆ దినం నాకు రాలేదంటె అబద్ధం. వచ్చింది. వచ్చినా పెంక పట్టుకోని నడుస్తనే ఉన్న.

భిక్ష బ్రహ్మాండంగ అయ్యింది. ఆలుగడ్డ తురుముల నువ్వులు, నానేసిన శనగపప్పు, పల్లీలు, కల్యామాకు ఏసి, మా సర్వపిండి తీరుగ వేళ్ళతోని బొక్కలు పెట్టి గోలిచ్చిన. స్వాములు వేళ్ళు నాకిన్రు. "ఏం చేతిర స్వామీ నీది" అన్నడు గురుస్వామి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ ముసలాయన పెంకతోని నేను పుణ్యం కట్టుకున్న.

తిరిగొచ్చేసరికి పెద్దసారు వంటగదిల తొందర పడుతున్నడు. వాళ్ళకు శుక్రవారం పొద్దుగూకితె పొయ్యి ముట్టియ్యరాదు, ఆ లోపటనే వండుడు అయిపోవాలె. "యల్లా స్వామీ, యల్లా!" అన్నడు. జల్ది అని, ఇక్కడ నాలుగు దినాలల్ల నేర్చిన అరబ్బు మాట. తెల్లబట్ట విప్పి పెంకను ఆయన చేత్తోనే పొయ్యి మీద పెట్టిండు.  అప్పుడన్న చెప్పాలె. చెప్పకుండ ఆకుకూర కట్ట విప్పిన. ఆ రాత్రికి పాలకూర బిళ్ళలు చేసిన. ఆయన ఆకు ఆకు ఎలుతురుకు పట్టి చూసిండు. పురుగు లేదు. తృప్తిగ తిన్నడు.

ఇగ నా తెలివి చూడున్రి. శనివారం కొత్త పెంక కొనుక్కోని ఆయనది ఆయనకు పెట్టేద్దామని మొదలు అనుకున్న. మల్ల, "ఒక్కసారి తినవెట్టినంక మార్చి ఏం లాభం, అయ్యేదేదో అయ్యింది" అనుకున్న. మురికి కాలువల కాలు పడ్డది గదా అని అండ్లనే నడుసుకుంట పోయిన. శనివారం పొద్దుగూకినంక తియ్యటి కందగడ్డ తురిమి, బెల్లం, యాలకులు ఏసి చేసిన. నెయ్యి ఎయ్యలే, నూనెతోనే. "ఇది పండుగ లోపట ఇంకో పండుగ" అన్నడు పెద్దసారు. ఆదివారం బీట్‌రూట్, నువ్వులు. దినదినానికి నా చేతి పని పెరుగుతున్నది. సిగ్గు పెరిగిన కొద్ది మసాలా పెంచిన.

ఆ ఆదివారమే ఆయన స్టూలు మీద కూసోని, ఏం కల్పించుకోకుండ, మామూలుగ అన్నడు. "మా అల్లుడు రొయ్యలు తింటడని నాకు తెలుసు. వాసన నాకు రాదనుకుంటడు. మాకు పొలుసులు లేని నీటి జీవి ముట్టుడు పాపం. ఈ ఇంట్ల తినొద్దనే నేను వచ్చిన. నీ మెడల మాల చూసి తింటున్న. తన నోము కాపాడుకునేటోడు ఇంకొకని నోము చెడగొట్టడు."

నా చేతిల గంటె ఆగిపోయింది. బిళ్ళ మాడింది. "పర్వాలేదు, మాడింది నేను తింట" అన్నడు ఆయన. తిన్నడు గూడ.

సోమవారం పొద్దుగాల మార్కెట్ అని చెప్పి గురుస్వామి కాడికి పోయిన. డ్యూటీకి పోబోతున్నడు, వ్యాన్ కాడ పట్టుకున్న. అంత చెప్పిన, కడుపుల ఏం దాచుకోకుండ. ఆయన విని, "రొయ్యల పెంకల నువ్వు తిన్నవా?" అన్నడు. లేదన్న. "మరి నీ దీక్షకేం కాలే. నీకు తెలువక జరిగితే దోషం లేదు, తెలిసినంక నువ్వు పెంక మార్చుకున్నవ్. మంచి పని చేసినవ్. ఆ ముసలాయన ఏమన్న మాల ఏసుకున్నడా?" అని నవ్వి, వ్యాన్ ఎక్కి పోయిండు.

తిడితె బాగుండు. చెంప మీద ఒక్కటి ఇస్తె ఇంకా బాగుండు. ఆయన నన్ను మెచ్చుకున్నడు! ఆ మెచ్చుకోలు విన్నంక నాకు నా మెడల మాల బరువైంది. నాలుగు దినాల నుంచి నేను గూడ మనసుల గదే లెక్క చేస్తున్న గదా. నాది నియమం, ఆయనది చాదస్తం. నాది దేవుడు, ఆయనది ముసలితనం. గదే మాట ఇంకొకని నోట విన్నంక గని అదెంత నీచపు మాటనో తెలువలే. సోమవారం రాత్రి ఏం వండిన్నో యాదికి లేదు. ఆయన ఎన్ని తిన్నడో లెక్కపెట్టలేకపోయిన, మొఖం ఎత్తలే.

మంగళవారం, ఆఖరి దినం, తానం చేసి ఫోటో ముందట నిలబడి మాల తీసిన. పదకొండు దినాలు ఇంకా ఉండంగనే. ఎవలు తియ్యమనలే. ఆ మాలను అడ్డం పెట్టుకోనే ఆయనకు రొయ్యల పెంకల తినవెట్టిన, ఇగ అది నా మెడల ఎట్లుంటది? నల్లబట్టలు మడిచిపెట్టి, తెల్లంగి ఏసుకున్న. సముద్రంల ముంచిన పెంకను ఇసుకతోని తోమి, ఆయన తెల్లబట్టల చుట్టి, ఆయన జాగల పెట్టిన. రొయ్యలది చెత్తల పడేసిన. ఇగ చెప్పుడొక్కటే మిగిలింది. ఎట్ల చెప్పాల్నో ఇంగ్లీషుల మాటలు కూడేసుకున్న. "పెద్దసార్, నాలుగు దినాలు మీకు అపచారం చేసిన" అని. పదిసార్లు అనుకున్న.

చెప్తె ఏమైతదో తెలుసు. ఆ మనిషి ఇగ ఈ ఇంటి గడప తొక్కడు. మేడమ్ ఏడ్చిన ఏడుపు మల్ల మొదటికొస్తది. ఆమె కోసం చెప్పలేదని చానేండ్లు నాకు నేను చెప్పుకున్న. సగం నిజం. కడమ సగం, నా నౌకరి పోతదని. ఇంకా లోపటికి పోయి చూస్తె, ఆయన నన్ను స్వామీ అని పిలుసుడు బంద్ చేస్తడని.

సాయంత్రం పెద్దసారు పొయ్యి ముట్టియ్యనీకి వచ్చి, నన్ను చూసి ఆగిపోయిండు. "స్వామీ, మాల ఏది? ఇంకా దినాలున్నయి గదా?" అన్నడు.

నోరు తెరిచిన. కూడేసుకున్న మాటలు ఒక్కటి రాలే. మాల నడుమ తీసెటందుకు మాకు ఒక్కటే కారణం ఉంటది, ఇంట్ల సావు. అదే వచ్చింది నోట్లెకెల్లి.

"ఇంట్ల సావైంది పెద్దసార్."

"ఎవరు?"

"మా నాయిన."

మా నాయిన ఆ ఘడియల మా ఊర్ల చాయ్ హోటల్ కాడ కూసోని బీడీ తాగుతుండొచ్చు. గట్టి మనిషి. ఆ తర్వాత చానేండ్లు బతికిండు. ఖతర్ నుంచి నేను తెచ్చిన గడియారం చేతికి పెట్టుకోని ఊరంత తిరిగిండు. కన్నతండ్రిని ఒక్క మాటతోని సంపిన, ఒక పెంక సంగతి చెప్పలేక.

పెద్దసారు నా చేతిలకెల్లి ఆలుగడ్డ తీస్కున్నడు. "సావైన మనిషి వండరాదు. మా దిక్కు ఇరుగు పొరుగే వండి పెడతరు. కూసో" అన్నడు. తన స్టూలు నాకేసిండు. మేడమ్‌ను పిలిచి చెప్పిండు. ఆమె నా భుజం మీద చెయ్యి ఏసి, "టికెట్ తీస్తం, ఇంటికి పో" అని కండ్లనీళ్ళు పెట్టుకున్నది. "ఇప్పుడు పోయి లాభం లేదు మేడమ్, అయిపోయింది" అన్న. ఒక అబద్ధానికి ఇంకోటి, దానికింకోటి.

ఆ రాత్రి ఆ ముసలాయన తురిమిండు. ఎంత వద్దన్నా వినలే. వేళ్ళు గీరుకపోయినయి, పంపు కింద పట్టి మల్ల తురిమిండు. పచ్చిమిర్చి లేదు, కల్యామాకు లేదు, నువ్వులు లేవు. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఉప్పు, గుడ్డు. గుడ్డు కొట్టేముందట నా దిక్కు చూసి, "ఇప్పుడు తినొచ్చా?" అని అడిగిండు. తలకాయ ఊపిన. మొదటి బిళ్ళ ఆయన తినలే, బిడ్డకు పెట్టలే. ప్లేట్ల పెట్టి, రెండు చేతులతోని నాకిచ్చిండు. నేను ఏడు దినాలు చేసిన వాటి ముందట అది చప్పగ, వంకరగ ఉండె. దానంత రుచి ఇంకోటి నేను తినలే.

ఆ తర్వాత నన్ను లోపటికి పిలిచిండు. ఎనిమిది దీపాలు వెలిగిచ్చిండు. టోపి సర్దుకున్నడు.

"సచ్చిపోయినోళ్ళ కోసం మేము పేరు పెట్టి ప్రార్థన చేస్తం. నీకు అభ్యంతరం లేకుంటె మీ నాయినకు గూడ చేస్త. ఏం పేరు ఆయనది?" అన్నడు.

మేడమ్ పక్కనే నిలబడి ఉన్నది. చెప్పిన.

ఆయన కండ్లు మూసుకోని ఆ పేరు అన్నడు. సరిగ రాలే. కండ్లు తెరిచి, తప్పు పలుకొద్దు, ఇంకోసారి చెప్పమన్నడు. నేను మెల్లగ, ఒక్కొక్క ముక్క ఇరిచి, సరిజేసి చెప్పిన.